ఎర్మెలిందా చేతి నీళ్ళు

కోన్సెప్సియోన్ రేవు పక్కనున్న ప్రత్యేక పాఠశాలలో, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు నోటితో అడగడం నేర్పే పని ఎర్మెలిందాది. పిల్ల కోరుకునే వస్తువును ఎదుట పెట్టి, మాట వచ్చేదాకా ఇవ్వకుండా, వచ్చిన క్షణాన ఇవ్వడం ఆ పద్ధతి. చిన్నతనంలో ఇంటిల్లిపాదికీ తెరెరే పోసిన పెద్దకూతురు ఆమె. మా వైపు చల్లటి ఆ ఆకునీళ్ళను ఒక్కరే పోస్తారు. కొమ్ముకప్పు ఎన్ని చేతులు మారినా కూజాను ఇంకొకరు ముట్టుకోరు. ఆ మర్యాదనే ఆమె తరగతిలోకీ తెచ్చింది.

నీమియాకు తొమ్మిదేళ్ళు. దాహం వేస్తే ఎదుటివారి జుట్టు పట్టి లాగేది. తల్లి సబీనా బట్టలుతకడానికి వెళ్తూ పిల్లను తాడుతో మంచంకోడుకు కట్టేది. బడిలో చోటు దొరికాక ఆ తాడు దూలమెక్కింది. ఏడాది చివర పర్యవేక్షకుడి ముందు పిల్ల ఒక్కటైనా నోటితో అడిగితేనే ఆ చోటు నిలుస్తుంది.

"ఇంట్లో నేనూ అడిగిస్తాను టీచరమ్మా," అంది సబీనా.

"వద్దు. నలుగురి చేతులు పడితే చెడుతుంది. బడికి తెచ్చేముందు చుక్క నీళ్ళివ్వకు."

"ఈ ఎండల్లోనా? నాలుక పిడచకట్టుకుపోతుంది దానికి."

"పిడచకట్టాలనే."

పొరుగావిడ గోడమీంచి నవ్వేది. "చిలక్కి నేర్పినా ఈపాటికి శాపనార్థాలు పెట్టేది సబీనా. నీ కూతురికి జుట్టు పీకడమే వచ్చు."

జూన్‌లో మొదలయ్యే మా చలికాలమంతా నీమియా ఏడ్చింది, కొరికింది, బల్లకింద దొర్లింది. ఎర్మెలిందా కూజా వంచలేదు. చివరికొక ఉదయం పిల్ల ఆమె ముఖంలోకి చూసి, గొంతు చీలినట్టు "నీళ్ళు" అంది. ఆపైన రోజూ అంది, ఎర్మెలిందాతోనే అంది. అందులో లోపముందని ఆమెకు తోచలేదు. పోసేవారినే కదా ఎవరైనా అడిగేది.

నవంబరులో పర్యవేక్షకుడు దోన్ ఫుల్హెన్సియో వచ్చాడు.

"మీరు బయట నిలబడండమ్మా. కళ్ళతో జవాబు అందించే టీచర్లను చాలామందిని చూశాను."

కూజా తానే ఎత్తి గ్లాసులో పోశాడు. నీమియా పెదవులు పగిలి ఉన్నాయి. గ్లాసు చూసింది, తలుపు చూసింది, నోరు మెదపలేదు. ఆయన ఓపికగా ఆగాడు. పిల్ల లేచి, ఆయన నెత్తిన మిగిలిన నాలుగు వెంట్రుకలూ పట్టుకుంది.

"ఇదా ఏడాది పాఠం?" విడిపించుకుని, ఆ నీళ్ళు తానే తాగి, చోటు రద్దని రాసి సంతకం చేశాడు.

తలుపు తెరుచుకుంది. ఎర్మెలిందాను చూడగానే పిల్ల స్పష్టంగా "నీళ్ళు" అంది.

"విన్నారా? అడిగింది."

"మిమ్మల్నడిగిందమ్మా. ఊరంతా మీరే ఉంటారా?"

నియమం నియమమే గనక ఎర్మెలిందా పోసింది. వరండాలో కూర్చున్న సబీనా లేచి వచ్చింది.

"రేపట్నుంచి మా ఇంట్లో ఎవర్నడుగుతుంది టీచరమ్మా?"

ఎర్మెలిందా గ్లాసు కడగసాగింది.

సోమవారం సబీనా దూలం మీది తాడు దించింది. పిల్లను మంచంకోడుకు కట్టేశాక, చేతికందేలా నిండు కూజా పెట్టి పనికి వెళ్ళింది. సాయంత్రం తిరిగొచ్చేసరికి కూజా నిండుగానే ఉంది. పిల్ల వీధి తలుపువైపు చూస్తూ, బొంగురుపోయిన గొంతుతో నీళ్ళు, నీళ్ళు అంటోంది.

ఫిబ్రవరిలో బడి మళ్ళీ తెరిచాక ఆ కుర్చీలోకి మరో పిల్ల వచ్చింది. కూజా ఎర్మెలిందా చేతిలోనే ఉంది.