నల్ల బోర్డు మీద లావు అక్షరాలు

మన బోర్డుల మీద అక్షరాలకు ఒళ్ళు లేదని నాకు ఎప్పటి నుంచో కోపం. గద్వాల బజారులో ఎటు చూసినా సన్నటి మెలికలు, వాటి చుట్టూ మళ్ళీ పువ్వులు. ఫ్లెక్సీ షాపులో డిజైనర్‌గా చేరాక, ఆ కోపం తీరేలా ఒక ఫాంటు గీశాను. గుండ్రనివన్నీ నిండు వృత్తాలు, మిగిలినవి నిటారు గీతలు, అంతా ఒకటే మందం. తలకట్టు ఇటుకలా ఉండేది. మా ఓనరు చూసి, "ఏందమ్మా, గిట్ల బలిసినయి?" అన్నాడు. ఏడ్చాడులే అనుకున్నాను.

అప్పుడే నాన్న సొంతంగా చీరల దుకాణం పెడుతున్నాడు. నాన్న, పెదనాన్న ఒకే ఇంట్లో పక్కపక్కన మగ్గం నేసినవాళ్ళు. "నేసేటోనికి దుకాణమెందుకురా" అని పెదనాన్న మాట్లాడడం మానేశాడు. ప్రారంభానికి పిలవడానికి నాన్న వెళ్తే తలుపు తీయలేదు. "రాకుంటె రాకపాయె" అని నాన్న పైకి అనేవాడు, అంటూనే వీధి చివరి దాకా చూసేవాడు.

బోర్డు పెత్తనం నాది. నలుపు మీద తెల్లటి నా లావు అక్షరాలు, పక్కన చేతులు జోడించిన నాన్న ఫొటో. దుకాణం పనులకని నేను నెల రోజులు సెలవు పెట్టాను. ఆ నెలలో మా ఓనరు ఏం చేశాడో నాకు అప్పుడు తెలియదు. బస్సులోంచి కూడా కనబడతాయని, ఊళ్ళో ఎవరు పోయినా శ్రద్ధాంజలి ఫ్లెక్సీలన్నీ ఆ బలిసిన అక్షరాలతోనే కొట్టాడట.

ప్రారంభం రోజు పొద్దున్నే బోర్డు ఎక్కించాం. ఆకుకూరలామె గంప దించి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఒక ఆటో అతను బండి ఆపి, "ఎప్పుడు పోయిండక్కా?" అని మెల్లగా అడిగాడు. నా అక్షరాలను ఎవరూ చదవలేదు, చూశారంతే. ఒళ్ళు మండి ఏదో అనబోయేలోపు నాన్న చాయ్ గ్లాసుతో బయటికొచ్చాడు. ఆటో అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆకుకూరలామె మాత్రం అప్పటికే మా నేతవాళ్ళ వీధి చేరింది. కాసేపటికి పెదనాన్న చెప్పులు లేకుండా, "తమ్మీ" అని ఏడుస్తూ పరుగెత్తుకొచ్చాడు.

"ఏందన్నా, ఏమైంది?" అన్నాడు నాన్న మెట్టు మీద నుంచి.

పెదనాన్న ఆయన భుజాలు పట్టుకుని తడిమి తడిమి చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, "బతికున్నోనికి గీ బోర్డేంది బిడ్డా?" అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. నాన్న కత్తెర తెచ్చి అన్న చేతిలో పెట్టాడు. పెదనాన్న కళ్ళు తుడుచుకుంటూనే రిబ్బను కత్తిరించాడు.

సాయంత్రం బోర్డు దించేద్దామన్నాను.

"ఉండనియ్యి. నేను పిలిస్తె రాలే, గా అక్షరాలే పట్కొచ్చినయి" అన్నాడు నాన్న.

మర్నాడు మగ్గంలో కూర్చునే ముందు పెదనాన్న మళ్ళీ వచ్చాడు. బోర్డు వైపు తలెత్తకుండా, దాని కింద నాన్న కూర్చున్నాడో లేదో చూసి పోయాడు. ఇప్పటికీ రోజూ అలాగే వస్తాడు.