దర్శి అవతలివాడు

కోటేశ్వరి పిన్నికి దర్శి అవతల ఒకడున్నాడని మా కల్లంలో అందరూ చెప్పుకునేవారు. పేరు కూడా తెలుసు, భీముడు. ఫోను తెరిస్తే ముందు వాడి ఫొటోయే వస్తుందట. ఆ ఫొటో చూసినవాళ్లు లేరు. చూసినవాళ్లు చెప్పగా విన్నవాళ్లు మాత్రం చాలామంది ఉన్నారు.

మిరపకాయలు ఆరబోసిన కల్లంలో మా పని తాలుకాయలు ఏరడం. రంగు పోయి తెల్లబడ్డ కాయని తాలు అంటారు. పట్టాల మీద పరిచిన ఎర్రటి కాయల మధ్య కూర్చుని, తెల్లకాయ కనపడితే పక్కన పడేస్తాం. ఘాటుకి ముక్కుకు గుడ్డ కట్టుకుంటాం కాబట్టి ఒకరి మొహం ఒకరికి కళ్ల వరకే తెలుస్తుంది. పిన్నికి ఒక చెవిలో ఎప్పుడూ ఇయర్‌ఫోన్ ఉండేది. రెండోది పనిచేయదు, మెడ మీద ఊరికే వేలాడేది. ఉన్నట్టుండి ఆమె కళ్లు నవ్వేవి. మొగుడు పోయి ఏళ్లయిన మనిషి తనలో తాను నవ్వుకుంటే ఎవరూ ఊరుకోరు.

ఒకరోజు అన్నాల వేళ ఆమె పట్టాల చివరికి పోయి ఫోనులో మాట్లాడుతుంటే సుబ్బరావమ్మత్త చెవిన పడింది. "కాలు ఎట్టా ఉందండీ? తింటన్నాడా? ఈ తిరునాళ్ల తర్వాత ఇంక చూడలేమంటన్నారుగా. ఒక్కసారి కళ్లారా చూడాలండీ." అంతే. సాయంత్రానికి భీముడికి కిడ్నీలు పోయాయి. మర్నాటికి వాణ్ని పెళ్లాం కూడా వదిలేసింది.

నేను పిన్ని పక్కనే కూర్చుంటాను. అసలు సంగతి నాకు మొదటినుంచీ తెలుసు. భీముడు ఎద్దు.

తిరునాళ్లలో బండలాగుడు పోటీలు పెడతారు. కాడికి కట్టిన ఎడ్ల జత పెద్ద రాతిబండను ఇసుక బరిలో ఈ చివరినుంచి ఆ చివరికి లాగి, తిరిగి, మళ్లీ లాగాలి. గంట కొట్టేలోగా ఎవరి జత ఎక్కువ దూరం లాగితే వాళ్లది గెలుపు. ఇప్పుడవన్నీ ఫోనులో లైవ్ వస్తున్నాయి. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసినా నేను ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటాను కాబట్టి ఆమెకు ఆ లైవ్ వెతికిపెట్టేది నేనే.

పని తెరిపి ఇచ్చినప్పుడు ఇద్దరం ఒకే కొంగు కింద తలలు పెట్టి చూసేవాళ్లం. పగిలిన గాజు మీద బొటనవేలంత తెల్లటి ఎడ్లు. వెనక దుమ్ము. మైకులో ఒకాయన గొంతు చించుకుని "భీమా! భీమా!" అని అరుస్తుంటాడు. రోజంతా ఎరుపునే చూసి కళ్లు మూసుకుంటే రెప్పల కింద పచ్చగా ఏదో కదులుతుంది. ఆ పచ్చదనంలోంచి రెండు తెల్లటి ఎడ్లు నడిచి వస్తున్నట్టు నాకు నిద్రలో కూడా కనపడేది. పిన్నికి ఏమి కనపడేదో నేనెప్పుడూ అడగలేదు.

ఆ ఎడ్లది దర్శి అవతల ఊరు. ఆసామి పేరు వీరాంజనేయులు. ఈ జతకు పర్చూరు దగ్గర తిరునాళ్లే ఆఖరిదని, ఆ తర్వాత జత విడదీస్తున్నానని ఆయన ఒక వీడియోలో చెప్పాడు. వీడియో కింద ఉన్న నంబరుకు నాతోనే ఫోను కలిపించుకుని పిన్ని మాట్లాడింది. సుబ్బరావమ్మత్త విన్నది ఆ మాటలే. పిన్ని ఎప్పుడూ ఏదీ కావాలని అడిగే మనిషి కాదు. ఆ జతని బరిలో ఒక్కసారి చూడాలన్నది మాత్రం పట్టుకుంది.

తీరా తిరునాళ్ల నాటికి మబ్బు పడుతుందన్నారు. తడిస్తే కాయ నల్లబడుతుంది. కల్లం ఆసామి చెంచయ్య బాబాయి, కాయంతా టిక్కీలకు, అదే గోనె బస్తాలకు, ఎత్తేదాకా ఎవరూ మానొద్దన్నాడు. పిన్ని లేచి ఆయన ముందు నిలబడింది.

"రేపొక్కరోజు రాలేనండీ."

"ఎక్కడికమ్మా, ఇంత మబ్బు పెట్టుకుని?"

వెనకనుంచి సుబ్బరావమ్మత్త అందుకుంది. "చెప్పవే, సిగ్గెందుకు? దర్శాయన్ని చూడ్డానికేగా!"

పట్టాల మీద అందరూ గొల్లుమన్నారు. పిన్ని చెవిలో ఇయర్‌ఫోన్ సర్దుకుంటూ కింద కాయల వైపు చూస్తోంది. నాకు నలుగురిలో గొంతు రాదు. ముక్కుకు గుడ్డ ఉంది కాబట్టి వచ్చిందేమో.

"ఎద్దండీ," అన్నాను.

"ఏంటమ్మాయ్?"

"భీముడు ఎద్దండీ. బండలాగే ఎద్దు."

అందరూ ఇందాకటికంటే పెద్దగా నవ్వారు. సుబ్బరావమ్మత్త నవ్వలేదు. "ఏదీ, ఇట్టా తే ఆ ఫోను," అని లాక్కుంది. అందరూ ఆమె చుట్టూ మూగారు. తుమ్ములు, తోపులాటలు. తెర మీద ఎడ్లు కదలగానే అత్త గుడ్డ కిందికి లాక్కుంది.

"ఓర్నాయనో! మా నాన్న ఎడ్లు ఇట్టాగే ఉండేయి. ట్రాక్టరొచ్చాక అమ్మేశాడు. ఆ పూట ఇంట్లో ఎవరం అన్నం తిన్లా."

ఫోను తిరిగిచ్చేసి చెంచయ్య బాబాయి వైపు తిరిగింది. ఆయనకు ఆమె పెద్దమ్మ వరస. "ఒరేయ్ చెంచయ్యా, దాన్ని పోనియ్. దాని వంతు నేనేరతా."

"నీ వంతే ఏరవుగా పెద్దమ్మా నువ్వు!"

"ఏరతానో ఏరనో రేపు చూద్దువుగాని. ఏమే కోటేశ్వరీ, ఈ పిల్లని తోడు తీసుకుపో. ఆయన కిడ్నీలెట్టా ఉన్నాయో కనుక్కుని రండి."

రెండు బస్సులు మారి వెళ్లాం. బరి చుట్టూ అంతా మగవాళ్లే. ఎటు చూసినా తెల్లచొక్కాలు, పైకెత్తిన ఫోనులు. మేము అంచున నిలబడితే ఒకాయన, "అమ్మా, తొక్కేస్తారు, ట్రక్కెక్కండి," అని పక్కన ఆపిన ట్రాక్టరు ట్రక్కులోకి ఎక్కించాడు. పిన్ని చెవిలో ఇయర్‌ఫోన్ అలాగే ఉంది. ఫోను మాత్రం సంచీలో ఉంది. అందులో ఏమీ మోగడం లేదు.

ఆ జత వచ్చేటప్పటికి ఎండ మబ్బులోంచి జారి బూడిదరంగులో పడుతోంది. ఫోనులో బొటనవేలంత ఉన్నవి ఇంతెత్తున నడిచొస్తుంటే నేను ట్రక్కు అంచు పట్టుకున్నాను. పిన్ని ఇయర్‌ఫోన్ తీసి కొంగున ముడేసుకుంది. బండ కదలగానే నేల లోపలినుంచి ఉరిమినట్టయింది. ఆ ఉరుము ఫోనులో ఎప్పుడూ వినపడలేదు. మైకులో "భీమా! భీమా!" అంటూనే ఉన్నారు. మలుపు దగ్గర దుమ్ము లేచి అన్నీ మాయమయ్యాయి. దుమ్ములోంచి ముందు కొమ్ములు, తర్వాత నుదుళ్లు, తర్వాత ఒళ్లంతా కలలోలాగా మెల్లగా తేలివచ్చాయి. పిన్ని నా చెయ్యి పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందో ఆమెకు తెలియదు.

ఆ జత గెలవలేదు, రెండో స్థానంలో వచ్చింది.

తర్వాత ఎడ్లను కట్టేసిన చోటికి వెళ్లాం. కాడికి కుడివైపు కట్టేది వలపటి ఎద్దు, ఎడమవైపు కట్టేది దాపటి ఎద్దు. భీముడు వలపటిది. వాడి చుట్టూ ఫొటోలు దిగేవాళ్లు మూగి ఉన్నారు. పిన్ని ఆ గుంపును చూసి, చుట్టు తిరిగి అవతలి వైపుకు వెళ్లింది. ఆసామి వీరాంజనేయులు అక్కడ దాపటిదాని ముంగాలికి నూనె రాస్తున్నాడు.

"నేనేనండీ, ఫోను చేసినదాన్ని."

"కాలెట్టా ఉందని అడిగింది మీరేనా? ఇన్ని ఫోన్లొస్తాయి గాని, వీడి కాలు అడిగింది మీరొక్కరేనమ్మా." ఆయన పక్కకు జరిగాడు. "భీముడికి కొత్త జత తెచ్చా. రేపటినుంచి వీణ్ని దుక్కికి వదిలేస్తన్నా."

పిన్ని దాపటి ఎద్దు మెడ మీద, కాడి ఒరిసి వెంట్రుకలు పోయిన చోట అరచెయ్యి పెట్టింది. అది చెవి విదిల్చి ఊరుకుంది.

"మలుపులో ఈడు నిలబడతాడే రమ్యా," అంది నాతో, ఎద్దును నిద్ర లేపకూడదన్నంత మెల్లగా. "ఈడు నిలబడితేనే ఆడు తిరుగుతాడు."

మేము ఇల్లు చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. కాయంతా అప్పటికే టిక్కీలకెక్కింది. మర్నాడు గోతాలు కుడుతూ సుబ్బరావమ్మత్త అడిగింది. "ఏమే, భీముడెట్టా ఉన్నాడు?"

"బాగున్నాడత్తా," అంది పిన్ని.

భీముడంటే ఆమెకు పిచ్చి అని ఇప్పటికీ కల్లంలో చెప్పుకుంటారు. ఫోను తెరిస్తే వచ్చే ఆ ఫొటోలో భీముడు సగమే ఉన్నాడు, ఒక కొమ్ము, ఒక కన్ను. నిండుగా ఉన్నది దాపటి ఎద్దు. దాని పేరు చంద్రం.