గుండీలక్క ముందు వరుస

దర్జీ దుకాణంలో చొక్కాలకు గుండీలు కుట్టే ఆవిడను అందరూ గుండీలక్క అనే పిలుస్తారు. చిన్నప్పుడు వచ్చిన జ్వరం ఆవిడ వినికిడిని పట్టుకుపోయింది గానీ, కుతూహలాన్ని ముట్టుకోలేకపోయింది. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాటలు పోల్చుకుంటుంది. వీధి అవతల గుసగుసలాడుకున్నా ఆవిడ దగ్గర దాగదు. అందుకే ఆవిడ వస్తోందంటే చాలామంది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు.

వారానికోసారి ప్రార్థన మందిరంలో ముందు వరుసలో కూర్చుని బోధకుడి నోటివంక చూడడమంటే ఆవిడకు ప్రాణం. ఆ తర్వాత ప్రశ్నల మీద ప్రశ్నలు వేసి ఆయనకు ఊపిరాడనిచ్చేది కాదు.

అలాంటి మందిరంలో ఆడవాళ్లు ఇకమీదట చెక్క తెర వెనకే కూర్చోవాలని పెద్దలు తీర్మానించారు. మగవాళ్ల మనసు చెదరకుండానట! చెదిరే మనసు ఒకరిది, తెర ఇంకొకరికి. ఆ తెర చేసే పని వడ్రంగి అయిన ఆవిడ తమ్ముడికే తగిలింది.

గుండీలక్క మందిరం పెద్దాయన దగ్గరికి వెళ్లింది.

"తెర వెనక కూర్చుంటే నాకు ఒక్క ముక్కా తెలీదండీ."

"నియమం అందరికీ ఒకటేనమ్మా. న్యాయమంటే అదే."

"అందరి చెవులూ ఒకటేనా అండీ?"

"నిన్నొక్కదాన్నీ వదిలేస్తే రేపు అందరూ అడుగుతారు."

"అడిగితే ఏమవుతుందండీ?"

ఎగతాళికి కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఆయన కళ్లజోడు సర్దుకుని లేచి వెళ్లిపోయాడు.

తెర చేస్తున్న తమ్ముడికి ఈ సంగతి తెలిసింది. గుట్టుచప్పుడు కాకుండా, అక్క కూర్చునే చోట తెరకు చిన్న కన్నం పెట్టాడు.

"నోరు మెదపకక్కా! నీ గుసగుస కూడా గోడలు దాటుతుంది" అన్నాడు.

ఆ వారం ఆవిడ కన్నానికి కన్ను ఆనించింది. "దేవుడి ముందు ప్రతి మనిషీ స్వతంత్రుడే" అంటున్నాడు బోధకుడు. ఎంత హాయిగా అనిపించిందో! ఇంతలో పక్కింటి కోడలు భుజం తట్టింది. "నన్నూ చూడనీ వదినా."

"నీకెందుకే? నీకు వినబడుతుందిగా!"

"వినబడితే చాలా? నేను వచ్చిందీ మందిరానికే గానీ తెర వెనక్కి కాదు కదా."

గుండీలక్క గతుక్కుమంది. ఇంతవరకూ ఈ కష్టం తన చెవులదే అనుకుంది. వెనక్కి చూస్తే ఆడవాళ్లందరూ ఆ కన్నం వైపే మెడలు చాస్తున్నారు.

మరుసటి వారం చాప చంకన పెట్టుకుని నేరుగా వెళ్లి, ముందు వరుసలో తన పాత చోటే కూర్చుంది. పెద్దాయన పెదాలు కదిలాయి. "పోనీలే, చెవిటిది. జాలిపడి వదిలేద్దాం."

ఆ జాలికి ఆవిడకు ఒళ్లంతా మండింది. లేచిపోదామా, ఉందామా అని ఊగిసలాడుతుండగా బోధకుడు మొదలుపెట్టాడు. అంతలోనే మాట మధ్యలో ఆగి, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయాడు. ఏమైందో తెలియక, ఆయన చూస్తున్న వైపు తలతిప్పింది.

తెర వెనకనుంచి చాపలు పట్టుకుని ఆడవాళ్లు ఒకరి వెంట ఒకరు వస్తున్నారు. అందరికంటే ముందున్న పక్కింటి కోడలు ఆవిడ పక్కన చాప పరుస్తూ అంది.

"కాస్త జరుగు వదినా."