గిద్దెడు బియ్యం, తోటకూర

బందరులో ఆడపిల్లల హాస్టల్లో వంట చేసే సువార్తమ్మ తొంభై రెండు కిలోలు ఉందని 1977 ఫిబ్రవరిలో ఒక సోమవారం పొద్దున తేలింది. నలభై ఆరేళ్లు వచ్చినా అంతవరకూ ఆమె తూకం ఎక్కి ఎరగదు. ఆస్పత్రిలో ఇనప పలక మీద నిలబెట్టి, గుండు అటూ ఇటూ జరిపి నర్సమ్మ అంకె చెప్పేసరికి, పక్కనున్న రోగులు నవ్వుతారేమోనని సువార్తమ్మ కొంగు నిండుగా కప్పుకుంది.

ఆ ఒళ్లంటే ఆమెకి అంతకుముందు సిగ్గు ఉండేది కాదు. తోట్లవల్లూరు వైపు కూలి చేసుకునే ఇంట్లో పుట్టింది. చిన్నప్పుడు గంజి తాగి పడుకున్న రోజులే ఎక్కువ. పెళ్లయ్యాక కొన్నాళ్లు బాగానే గడిచింది. కూతురు హన్నాకి ఆరేళ్లప్పుడు భర్త జ్వరంతో పోయాడు. పాస్టర్ గారు చెప్పి హాస్టల్లో పెట్టించారు. పద్దెనిమిదేళ్లుగా నూట ఇరవై మంది పిల్లలకి వండి పెడుతోంది. గుండిగల్లో మిగిలిన అన్నం పారబోయడానికి చెయ్యాడేది కాదు. అడుగున ఉన్నది కూడా గీరి ముద్ద చేసుకుని తినేది. ఏటేటా రవికలు బిగుతయ్యేవి. దేవుడు చల్లగా చూస్తున్నాడు కాబట్టే ఒళ్లు చేశాననుకునేది.

ఇప్పుడు బొడ్డు పక్కన ఒక ఉబ్బు. గుండిగ దింపినప్పుడల్లా నిమ్మకాయంత బయటికొస్తోంది. డాక్టరమ్మ సుగుణమణి గారు చేత్తో నొక్కి చూసి చెప్పారు:

"పేగు జారింది సువార్తమ్మా. కోసి కుట్టాలి. ఇంత కొవ్వు మీద కుట్లు నిలబడవు. డెబ్బై అయిదుకి దిగి రా, అప్పుడు చేస్తాను. రోజుకి ఎన్నిసార్లు తింటావు?"

"లెక్కెట్టలేదండీ."

డాక్టరమ్మ నవ్వలేదు. కాసేపు ఆలోచించి అన్నారు: "చుట్టూ తిండి పెట్టుకుని, ఇది తినొచ్చా అది తినకూడదా అని ఆలోచిస్తూ కూర్చుంటే నీవల్ల కాదు. అందుకని అసలు ఆలోచించకు. రోజూ ఒకటే తిను. పొద్దున్నా రాత్రీ ఒక గ్లాసు రాగి జావ. మధ్యాహ్నం గిద్దెడు బియ్యం వండుకుని, నూనె లేకుండా ఉడికించిన తోటకూర, పల్చటి మజ్జిగ. ఆదివారమైనా, క్రిస్మస్ అయినా, పెళ్లి విందైనా అదే. సోమవారం సోమవారం వచ్చి తూకం వేయించుకో."

మొదటి నెల నరకమే. పిల్లలకి పులిహోర కలుపుతుంటే నోట్లో నీళ్లు ఊరేవి. ఆకలికి కళ్లు తిరిగి ఒకసారి పొయ్యి ముందే కూలబడింది. సాయం వంట చేసే సౌభాగ్యమ్మ ఒక గరిటెడు పప్పు తెచ్చి, "ఎవరు చూస్తారొదినా, తినెయ్యి" అంది. సువార్తమ్మ మొహం తిప్పుకుంది. తనకంటూ ఒక చిన్న సత్తు తపేలా కొనుక్కుంది. గిద్దెడు బియ్యానికి సరిపోయేది. రెండో నెలకి డాక్టరమ్మ చెప్పింది నిజమని తెలిసింది. ఏం తినాలన్న ప్రశ్నే లేకపోయేసరికి ఆశ కూడా నెమ్మదిగా అణిగింది. ఎనభై ఎనిమిది, ఎనభై అయిదు, ఎనభై ఒకటి. మోకాళ్లు తేలికయ్యాయి. చర్చిలో మోకరించి లేవడానికి బల్ల పట్టుకోవలసిన పని లేకపోయింది. జన్మలో ఒక్క పనిలోనైనా తన మాట మీద తాను నిలబడ్డానని ఆమెకి లోలోపల గర్వంగా ఉండేది.

దసరా సెలవులకి కూతురు వచ్చింది. హన్నా భర్త తోమాసు దివిసీమలో కోడూరు అవతల, సముద్రానికి దగ్గర్లో ఒక పల్లెలో బడిపంతులు. రెండేళ్ల పాప. హన్నా బస్సు దిగి వస్తూనే తల్లిని చూసి గుమ్మంలో ఆగిపోయింది.

"అయ్యో, ఇదేంటమ్మా ఇలా అయిపోయావు!"

"డెబ్బై ఏడు. ఇంకో రెండు దిగితే ఆపరేషనంట."

హన్నా టిఫిన్ క్యారియర్ విప్పింది. పీతల పులుసు. తల్లికి ప్రాణమని తెల్లవారకముందే లేచి వండి, మూడు బస్సులు మారి, ఒలక్కుండా ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. మూత తీయగానే గదంతా వాసన. సువార్తమ్మ తన సత్తు తపేలాలో తోటకూర కలుపుకుంటూ, "మీరు తినండమ్మా. నాకు సోమవారం తూకం ఉంది" అంది.

"ఒక్క ముద్దమ్మా. నా చేతి కూర."

"ఒక్క ముద్దతోనే మొదలవుతుందే. ఆపరేషన్ అయ్యాక నేనే మీ ఊరొచ్చి కడుపునిండా తింటాను."

హన్నా కంచంలో చెయ్యి పెట్టి కూచుంది గానీ తనూ సరిగ్గా తినలేదు. క్యారియర్లో మిగిలినది సౌభాగ్యమ్మ పట్టుకెళ్లింది. మూడో రోజు బస్సెక్కించేటప్పుడు పాప అమ్మమ్మ మెడ పట్టుకుని వదల్లేదు. హన్నా మాత్రం కిటికీలోంచి, "నువ్వు మరీ రాయివైపోయావమ్మా" అంది నవ్వుతూనే. ఆ నవ్వులో నొప్పి ఉందని సువార్తమ్మకి తెలిసింది. బస్సు కదిలింది.

నవంబరు పంతొమ్మిది శనివారం. పొద్దుట్నుంచీ గాలి. మధ్యాహ్నానికి హాస్టల్ పెంకులు లేచిపోయాయి. పిల్లలందరినీ భోజనాల హాల్లో కూర్చోబెట్టి కీర్తనలు పాడించారు. బందరులో చెట్లు కూలాయి, గుడిసెలు పోయాయి, కరెంటు పోయింది. అసలు సంగతి దివిసీమలో జరిగిందని తెలియడానికి రెండు రోజులు పట్టింది. సముద్రం ఊళ్ల మీదికి వచ్చిందని ఎవరో సైకిలు మీద వచ్చి చెప్పారు. ఆ సోమవారం సువార్తమ్మ తూకానికి వెళ్లలేదు.

చర్చి వాళ్లు బియ్యం, పప్పు, గుండిగలు వేసి లారీ పంపుతుంటే, వంటకి నేను వస్తానని ఎక్కి కూర్చుంది. వద్దనడానికి ఎవరికీ నోరు రాలేదు. దారి పొడుగునా పడ్డ చెట్లు నరుక్కుంటూ వెళ్లారు. చల్లపల్లి దాటి మోపిదేవి వచ్చేసరికి లారీలో ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకోనివాళ్లు లేరు. కోతకి వచ్చిన చేలల్లో ఉప్పునీళ్లు నిలిచి ఉన్నాయి. ఆ నీళ్లలో గేదెలు, ఉబ్బి, కాళ్లు పైకి పెట్టుకుని. కొన్ని చోట్ల గేదెలు కానివి కూడా. సువార్తమ్మ తల దించుకోలేదు. ప్రతి చీర రంగూ చూసుకుంటూ వెళ్లింది.

అవనిగడ్డలో ఒక బడి ఆవరణలో పొయ్యిలు తవ్వారు. రోజుకి రెండు వేల మందికి అన్నం, పప్పుచారు. రోజూ అదే. ఎవరూ మరోటి అడగలేదు. కొందరు తింటూ తింటూ చెయ్యి ఆపేసి అలాగే కూర్చుండిపోయేవారు. సువార్తమ్మ వడ్డిస్తూ ప్రతి మొహమూ చూసేది. నాలుగో రోజు వరసలో చెయ్యి చాచినవాడు తోమాసు. ఒళ్లంతా గీరుకుపోయి ఉంది. ఎడమ చేతికి కట్టు. అత్తగారిని చూడగానే విస్తరాకు కింద పడేసుకున్నాడు.

వరండా మెట్ల మీద కూర్చోబెట్టింది. అతను ఏడవకుండానే చెప్పాడు.

"బళ్లోకి చేరామత్తయ్యా, అందరం. సాయంత్రం నాలుగు అయ్యుంటుంది. నల్లగా గోడలా వచ్చింది. నీళ్లనుకోలేదు నేను. బడి గోడ మా మీదే పడింది. హన్నా చెయ్యి పట్టుకునే ఉన్నాను. పాప దాని భుజం మీద ఉంది. చెయ్యి... పట్టు జారిపోయిందత్తయ్యా. నేను తుమ్మచెట్టుకి తగులుకున్నాను. పొద్దున్నదాకా పిలిచాను."

 సువార్తమ్మ నోటి వెంట వచ్చిన మాట విని తోమాసు బిత్తరపోయాడు.

"ఆ వేళ ఏమన్నా తిందా బాబూ?"

అతను తల అడ్డంగా ఊపాడు. "వానకి పొయ్యి వెలగలేదు. గుప్పెడు మరమరాలుంటే పాపకి పెట్టింది. తను రేపు వండుకుందాంలే అంది."

మూడు వారాలు అక్కడే వండింది. గుంపులుగా పూడ్చిపెట్టే చోట్లకీ, కట్టెలు పేర్చే చోట్లకీ వెళ్లి చూసి వచ్చేది. హన్నా దొరకలేదు, పాప కూడా దొరకలేదు. వాళ్ల కోసం ఫలానా చోట అని చెప్పుకోవడానికి చారెడు మట్టి అయినా మిగల్లేదు.

డిసెంబరులో బందరు తిరిగి వచ్చాక మళ్లీ తన తపేలా, గిద్దెడు బియ్యం, తోటకూర మొదలుపెట్టింది. కొన్నాళ్లకి గిద్ద అరగిద్ద అయింది. రాత్రి జావ మానేసింది. తూకానికని ఆస్పత్రి వైపు వెళ్లలేదు. బజార్లో, చర్చిలో కనబడ్డవాళ్లు, కూతురి సంగతి ఎలా ఎత్తాలో తెలియక, "బాగా తగ్గారండీ, వయసు తగ్గినట్టున్నారు" అనేవారు. ఆమె "అవునండీ" అని వెళ్లిపోయేది. పులుసు వాసన వస్తే పెరట్లోకి నడిచేది. కూతురు బతిమాలినప్పుడు నోరు తెరవనిదాన్ని, ఇప్పుడు ఎవరి చేతిది తిని ఏం రుచి చూడాలి అనుకునేది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

మార్చిలో డాక్టరమ్మ కబురు పెట్టి పిలిపించారు. తూకం ఎక్కిస్తే యాభై ఎనిమిది. డాక్టరమ్మ కింది కనురెప్ప లాగి చూశారు. తెల్లగా ఉంది.

"ఒంట్లో రక్తమే లేదు. ఇప్పుడు కోస్తే బల్ల మీదే పోతావు. తినాలి సువార్తమ్మా. గుడ్డు, చేప, పప్పు."

"మీరేగా రోజూ ఒకటే తినమన్నారు."

"అది అప్పుడు చెప్పింది."

"నాకు అది చేతనైందండీ. ఇంకోటి చేతకాదు."

డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఎంతసేపు చెప్పినా ఆమె తల ఊపుతూనే ఉంది, ఇంటికొచ్చి అరగిద్దే వండుకుంది. ఆగస్టులో ఒకరోజు గుండిగ దింపుతుండగా బొడ్డు దగ్గర ఉబ్బు బిగుసుకుపోయింది. నొప్పికి నేల మీద దొర్లింది. సౌభాగ్యమ్మ రిక్షాలో వేసుకుని తీసుకెళ్లింది. డాక్టరమ్మ ఆ పూటే కోసి, చెడిపోయిన పేగు జానెడు తీసేశారు. ప్రాణం దక్కింది గానీ, బలం లేని ఒంట్లో గాయం మానలేదు. రెండుసార్లు చీము పట్టింది. మూడు నెలలు మంచంలోనే. హాస్టల్ వాళ్లు వంట సౌభాగ్యమ్మకి అప్పజెప్పి, ఈమెకి కూరలు తరిగే పని ఇచ్చారు. బరువులు ఎత్తే పని ఇక ఎప్పటికీ వద్దన్నారు.

తోమాసుకి గుడివాడ దగ్గర బడికి బదిలీ అయింది. 1979 జనవరిలో వచ్చి, మళ్లీ పెళ్లి చేసుకుంటున్నానని చెప్పడానికి గంటసేపు నీళ్లు నమిలాడు. పిల్ల పేరు భాగ్యమ్మ. దివిసీమలో వాళ్ల పక్క పల్లెది. ఆ నీళ్లలోనే మొగుడూ, ఇద్దరు పిల్లలూ, కన్నవాళ్లూ పోయారు. "చేసుకో బాబూ" అంది సువార్తమ్మ. పెళ్లికి మాత్రం వెళ్లలేదు.

నవంబరులో తోమాసు ఎనిమిదో నెల కడుపుతో ఉన్న భాగ్యమ్మని వెంటబెట్టుకొచ్చాడు. "పురిటికి పంపడానికి పుట్టిల్లు లేదత్తయ్యా. మీరు కాదనరని..." అని ఆగిపోయాడు. సువార్తమ్మ ఆ అమ్మాయి చేతిలోని సంచి అందుకుంది.

మర్నాడు మధ్యాహ్నం భాగ్యమ్మ కోసం అన్నం, పప్పు, కోడిగుడ్డు కూర వండి వడ్డించింది. తన తపేలా తాను దూరంగా పెట్టుకుంది. భాగ్యమ్మ ఆ తోటకూర వంక చూసింది. ఎందుకని అడగలేదు. తన కంచం ముందుకి తోసింది.

"నాకూ అదే పెట్టండి అత్తయ్యా."

"ఇది నీకు చాలదమ్మా. వట్టి మనిషివి కావు."

"నాకూ ఏదీ తినబుద్ధి కాదు. ఏం తిన్నా నా పిల్లలు చూస్తున్నట్టుంటుంది. కళ్లు మూసుకుని మింగుతాను, లోపలున్న దీని కోసం."

సువార్తమ్మ గుడ్డు రెండు చెక్కలు చేసి ఒకటి భాగ్యమ్మ కంచంలో వేసి, రెండోది తన తపేలాలో వేసుకుంది. తిన్నది ఇమడలేదు. పెరట్లోకి వెళ్లి కక్కుకుంది. మర్నాడు మళ్లీ తోటకూరే. రెండు రోజులాగి మళ్లీ అర గుడ్డు. ఈసారి ఇమిడింది. తర్వాత కూడా ఆమె అరవై కిలోలు ఎప్పుడూ దాటలేదు. నడుం పూర్తిగా నిలబడలేదు. కడుపు మీద కోత వానాకాలంలో సలిపేది.

ఆ వారంలోనే ఒకరోజు తింటూ తింటూ భాగ్యమ్మ, "మా పెద్దాడు చింతచిగురు పప్పైతే కంచం నాకేసేవాడత్తయ్యా" అంది. పోయినవాళ్ల గురించి ఆమె నోరు విప్పడం అదే మొదలు.

సువార్తమ్మ ముద్ద పట్టుకున్న చెయ్యి ఆగింది. రెండేళ్లుగా కూతురి పేరు ఆమె పైకి అనలేదు.

"మా హన్నా చిన్నప్పుడు బలపాలు తినేది" అంది. "పలక మీద రాయడానికి ముక్క మిగిల్చేది కాదు. కొట్టాను కూడా, పాపిష్టిదాన్ని. మర్నాడు సున్నం గోడ గీకి తింది."

భాగ్యమ్మ నవ్వింది, వెంటనే ఏడ్చింది. తన చిన్నది పేడ తిన్న సంగతి చెప్పింది. ఒకరి తర్వాత ఒకరు, చేతికి అంటుకున్న మెతుకులు ఎండిపోయేదాకా, కంచాల ముందు నుంచి లేవకుండా చెప్పుకుంటూ కూర్చున్నారు.