పదకొండు మీటర్లు ఎక్కువ

ఈ ఉదయం వాయవ్యపు గాలి మొదలైంది. వేసవిలో పర్వతాలు దాటి క్రైస్ట్‌చర్చ్ మీదికి దిగే ఈ గాలి పొడిగా, వేడిగా ఉంటుంది. కోత ముగిసిన బార్లీ చేల మీదుగా వస్తూ ఎండుగడ్డి వాసనను, సన్నని దుమ్మును మోసుకొస్తుంది. పదిహేడవ కిలోమీటరు దగ్గర ఆ వాసన ముఖానికి తగలగానే సైకిలు దిగి నిలబడ్డాను. వాసనకు కొలమానం లేదు గనుక దానిని గురించి నేను ఏమీ నిరూపించలేను. అయినా సరిగ్గా ఈ వాసననే మూడేళ్ల క్రితం, సెప్టెంబరు నెలలో, స్పెయిన్ దేశపు పీఠభూమి మీద, రత్నమక్క నా వెనుక చక్రానికి రెండడుగుల దూరంలో వస్తుండగా సైకిలు తొక్కుతూ పీల్చానని మాత్రం చెప్పగలను.

నేను వృత్తిరీత్యా సర్వేయరును. భూకంపం తరువాత ఈ నగరాన్ని తిరిగి కడుతున్న రోజుల్లో వచ్చి, పునాదుల మట్టాలు కొలిచి, అరవై అయిదవ ఏట విరమించాను. డాక్టరు వ్యాయామం చేయమంటే సైకిలు కొన్నాను. కొన్న రోజే దానికొక పుస్తకం పెట్టాను. తేదీ, దూరం, పట్టిన సమయం, సరాసరి వేగం, మొత్తం దూరం: ఇవి అయిదు గడులు. మనం ఆగినప్పుడు తానూ ఆగిపోయే ఏర్పాటు సైకిలు మీటరులో ఉంటుంది. దానిని నేను వాడను. ఆగిన సమయాన్ని దాచిపెట్టి వేగాన్ని పెంచి చూపడం నా దృష్టిలో దొంగలెక్క.

పుస్తకంలో ఎనిమిదవ నమోదు నాడు రత్నమక్కను మొదటిసారి చూశాను. వెళ్లేటప్పుడు గంటకు ఇరవై ఆరు కిలోమీటర్ల వేగం రావడంతో నా కాళ్ల మీద నాకు గౌరవం పెరిగి, ఇరవై మూడు కిలోమీటర్లు పోయాను. వెనక్కు తిరిగాక వేగం తొమ్మిదికి పడిపోయింది. కొంతసేపటికి ఒక పొలం గేటు పక్కన కూలబడ్డాను. పంజాబీ డ్రెస్సు పైజామా అంచుకు రబ్బరు బ్యాండు బిగించుకుని, హెల్మెట్ కింద నెరిసిన జడతో ఒకావిడ వచ్చి నా ముందు బ్రేకు వేశారు.

"తెలుగువాళ్లేనాండీ?"

"ఎలా తెలిసింది?"

"గాలిని తిడుతున్నారు కదండీ, తెలుగులో. అల్లంత దూరం నుంచే వినపడింది."

"పోయేటప్పుడు ఇరవై ఆరు చూపించింది. ఇప్పుడు తొమ్మిది. మీటరు పాడైనట్టుంది" అన్నాను.

"మీటరు బానే ఉందండీ. పోయేటప్పుడు తొక్కింది మీరు కాదు, గాలి." ఆవిడ నవ్వి, సంచిలోంచి ఒక కమలాపండు తీసి నా చేతిలో పెట్టారు. "ఇది తినేసి నా వెనకాల రండి. నా చక్రానికి రెండడుగుల దూరం. అంతకంటే వెనకబడితే గాలి మిమ్మల్ని పట్టుకుంటుంది. ముందుకొస్తే నన్ను పడేస్తారు."

నా వేగం తొమ్మిది నుంచి పద్నాలుగుకు చేరింది. నాకంటే నాలుగేళ్లు పెద్ద అయిన ఒక స్త్రీ నా వంతు గాలిని తన ఒంటితో కాస్తూ, పద్దెనిమిది కిలోమీటర్లు నన్ను ఇంటికి తీసుకొచ్చారు. ఆ రోజు నుంచి ఆవిడ నాకు అక్క. నేను ఆవిడకు 'సర్వేయరు గారు'.

రత్నమక్కది నరసాపురం. నర్సుగా ముప్పయ్యవ ఏట స్పెయిన్ వెళ్లారు. అక్కడి పీఠభూమి మీద, సముద్రమట్టానికి దాదాపు ఎనిమిది వందల మీటర్ల ఎత్తున, గోధుమ చేల మధ్య దూరదూరంగా విసిరేసినట్టుండే అయిదు పల్లెల్లో వృద్ధులకు కట్లు కట్టడం, రక్తపోటు చూడడం ఆవిడ పని. బస్సులు లేవు, ఆవిడకు సైకిలు రాదు. చివరి పల్లెలో సైకిలు మీద రొట్టెలు అమ్మే పిలార్ అనే ఆవిడ, సీటు వెనుక పట్టుకుని పరుగెత్తుతూ నేర్పించింది. ఆ సైకిలు మీద పదకొండేళ్లు ఆ ఊళ్లు తిరిగి, తరువాత రత్నమక్క న్యూజిలాండ్ వచ్చి, ఇక్కడి ఆసుపత్రిలో పనిచేసి విరమించారు.

ఆ పల్లెల నుంచి ఆవిడ ఒక అలవాటు తెచ్చుకున్నారు. దారిలో మనిషి నిలబడి కనిపిస్తే బ్రేకు వేయవలసిందే. గొర్రెలు తోలే రైతైనా, పాలకోసం డైరీకి, అంటే వీధి కొట్టుకు, నడిచి వెళ్లే ముసలాయనైనా సరే. నా సరాసరి పంతొమ్మిది నుంచి పదమూడుకు దిగజారింది. నేను ఆ సంగతి చెబితే, "పోనీ లెండి, ఆయన మోకాలు నొప్పి తగ్గిందని తెలిసింది కదా" అనేవారు. మోకాలికి నా పుస్తకంలో గడి లేదు.

అప్పుడు పిలార్ దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. ఆవిడకు తొంభై ఒకటి. చూపు మందగించడంతో మేనకోడలు ఆవిడను సముద్రతీరంలోని తన ఊరికి తీసుకుపోతోంది. ఇల్లు మూసేస్తారు. "నువ్వు సైకిలు మీద నా వీధిలోకి రావడం ఇంకొక్కసారి చూడాలి" అని రాయించింది. ఉత్తరం చదివిన అక్క దానిని మడిచి హ్యాండిల్ సంచిలో పెట్టుకున్నారు. తరువాత, "సర్వేయరు గారూ, దారి మీరు వేస్తారా?" అని అడిగారు.

వేశాను. రైలు దిగే పట్నం నుంచి పిలార్ ఊరికి డెబ్బై నాలుగు కిలోమీటర్లు. గంటకు పదహారు చొప్పున నాలుగు గంటల ముప్పై ఏడు నిమిషాలు. పది నిమిషాల విరామాలు మూడు. ఉదయం ఏడున్నరకు బయలుదేరితే పన్నెండూ ముప్పై ఏడుకు చేరాలి. మేనకోడలి కారు సాయంత్రం ఆరింటికి కదులుతుందని ఉత్తరంలో ఉంది. అయిదు గంటలకు పైగా వెసులుబాటు. ఇంత నిక్కచ్చి పట్టికను నా ఉద్యోగంలో కూడా తయారు చేయలేదు.

మొదటి పల్లె పన్నెండవ కిలోమీటరు. చర్చి గోడ నీడలో కుర్చీలు వేసుకుని కూర్చున్న నలుగురు ముసలివాళ్లు మమ్మల్ని చూసి లేచారు. ఒకాయన "సిస్టర్!" అని కేకపెట్టి, ఇంకేమీ అడగకుండా, చొక్కా చేయి పైకి మడిచాడు. అక్క హ్యాండిల్ సంచిలోంచి రక్తపోటు చూసే యంత్రం తీశారు. మందులు, బట్టలు తగ్గించుకుని దానిని వెంట తెచ్చారన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది.

"నూట నలభై మీద ఎనభై ఆరు. రాసుకోండి సర్వేయరు గారూ."

"అక్కా, మనకు ఇక్కడ పది నిమిషాలే."

"మీరు తొందరగా రాస్తే తొందరగా అయిపోద్ది."

అక్కడ అరవై అయిదు నిమిషాలు పట్టింది. కాఫీ వచ్చింది, బంగాళాదుంపల అట్టు వచ్చింది, పక్కింటి చేతులు వచ్చాయి. ముప్పై ఒకటవ కిలోమీటరు ఊరిలోనూ ఇంతే. నలభై అయిదవ కిలోమీటరు ఊరిలో మధ్యాహ్నం వేళ వీధి తలుపులన్నీ మూసి ఉంటే సంతోషించాను. అక్క బెల్లు మోగించారు. తలుపులన్నీ తెరుచుకున్నాయి.

యాభై ఎనిమిదవ కిలోమీటరు ఊరు వదిలేసరికి సాయంత్రం అయిదు. నా పుస్తకంలో ఇరవై మూడు రక్తపోట్లు ఉన్నాయి. ఎదురుగాలి లేచింది. పదహారు కిలోమీటర్లు మిగిలాయి. గంటకు పది కంటే రాదు.

"ఆరింటికి అందుకోలేం" అన్నాను. "ఆరూ ముప్పై ఆరు అవుతుంది. పొద్దుటి నుంచీ చెబుతూనే ఉన్నాను."

యంత్రం పట్టీ చుడుతున్న ఆవిడ చేతులు ఆగిపోయాయి. "చెప్పారు" అన్నారు మెల్లగా. "అక్కడ ఆవిడ ఉంది. ఇక్కడ వీళ్లున్నారు. వీళ్లలో ఎవరిని దాటేసి పోవాలో మీ పుస్తకంలో ఉందా తమ్ముడూ?"

తమ్ముడూ అని ఆవిడ నన్ను పిలవడం అదే మొదలు. ఆవిడ కళ్లు ఎర్రబడి ఉన్నాయి. నేను పుస్తకం సంచిలో పెట్టేసి, సైకిలు ఎక్కి ఆవిడకు ముందు నిలిచాను. "నా చక్రానికి రెండడుగుల దూరంలో రండి" అన్నాను. కోసిన చేల మధ్య, ఎండుగడ్డి వాసన కొట్టే ఆ గాలిలో, మేము ఎక్కడా ఆగకుండా పదహారు కిలోమీటర్లు తొక్కాము.

ఆరూ నలభైకి ఊరి మొదటి ఇల్లు కనిపించింది. వీధిలో ఒక కారు ఉంది, డిక్కీ నిండా పెట్టెలు. కారు ముందు, వీధి నడిమధ్యన, చెక్కకుర్చీ వేసుకుని, ఒళ్లో చేతికర్ర అడ్డంగా పెట్టుకుని ఒక ముసలావిడ కూర్చుని ఉంది. అక్క బెల్లు మోగించారు. ముసలావిడ కర్రను గాలిలోకి ఎత్తి అరిచింది.

"ఏమంటోంది?" అని అడిగాను.

"ఇంకా సీటు ఎత్తు సరిగ్గా పెట్టుకోవడం రాలేదా అని తిడుతోందండీ" అని అక్క నవ్వుతూ, ఏడుస్తూ సైకిలు కింద పడేసి పరుగెత్తారు.

తరువాత సంగతి తెలిసింది. మేనకోడలికి డ్యూటీ మారింది. ఉదయం పదకొండింటికే బయలుదేరాలనుకుంది. "డెబ్బై దాటినావిడ అంత దూరం సైకిలు మీద ఎక్కడొస్తుంది అత్తా, ఎక్కు" అందట. సరిగ్గా అప్పుడు మొదటి పల్లె నుంచి ఫోను వచ్చింది: సిస్టర్ పొద్దున్నే మా ఊరు వచ్చింది, మా రక్తపోటు చూసింది, అక్కడికే వస్తోంది. పిలార్ కుర్చీని కారు ముందుకు లాగించుకుంది. పన్నెండున్నరకు రెండవ పల్లె చెప్పింది. తరువాత మూడవది, నాలుగవది. మేనకోడలు రెండుసార్లు ఇంజను వేసి రెండుసార్లు ఆపింది. చివరికి డ్యూటీకి సెలవు చెప్పేసింది.

నేను పక్కకు వెళ్లి లెక్క వేశాను. నా పట్టిక నిమిషం తప్పకుండా నడిచి ఉంటే పన్నెండూ ముప్పై ఏడుకు వచ్చేవాళ్లం. ఎవరినీ పలకరించకుండా దాటిపోయే మమ్మల్ని గురించి ఎవరూ ఫోను చేసేవారు కారు. తాళం వేసిన తలుపు ముందు, గంటా ముప్పై ఏడు నిమిషాలు ఆలస్యంగా నిలబడి, పథకం కచ్చితంగా నెరవేరిందని పుస్తకంలో రాసుకునేవాడిని.

పిలార్ రక్తపోటు నూట ముప్పై మీద డెబ్బై ఎనిమిది, నాకంటే నయం. అది విన్న వెంటనే ఆవిడ అక్క సైకిలు కావాలంది. సీటు దించాము. అక్క సీటు వెనుక పట్టుకున్నారు, మేనకోడలు పక్కన నడిచింది. తొంభై ఒక్కేళ్ల మనిషి తన వీధిలో బెల్లు మోగించుకుంటూ తొక్కింది. ఊరంతా చప్పట్లు కొట్టింది. నేను వెనుకే అంగలు వేస్తూ కొలిచాను: పద్నాలుగున్నర అంగలు. పదకొండు మీటర్లు.

"రాశారా?" అని అక్క అడిగారు.

"డెబ్బై నాలుగు కిలోమీటర్లు, పదకొండు గంటల పది నిమిషాలు, సరాసరి ఆరు పాయింట్ ఆరు."

"మరి పిలార్‌ది?"

"అది ఆవిడ తొక్కింది అక్కా. నా మీటరులో పడలేదు. ఎలా కలుపుతాను?"

"కలపండి సర్వేయరు గారూ. పొద్దుటి నుంచి తొక్కింది దానికోసమేగా."

కలిపాను.

రత్నమక్క గత శీతాకాలంలో, టౌరంగాలో తన చెల్లెలి ఇంట్లో, నిద్రలోనే వెళ్లిపోయారు. ఆవిడ బెల్లు ఇప్పుడు నా హ్యాండిల్ మీద ఉంది. ఈ ఉదయం పదిహేడవ కిలోమీటరు దగ్గర నేను దిగి నిలబడి ఉండగా, పక్కనున్న పొలం ఆసామి గేటు దాకా నడిచి వచ్చి, ఒంట్లో బాగుందా అని అడిగాడు. ఇరవై రెండు నిమిషాలు మాట్లాడుకున్నాము. ఇంటికి వచ్చి పుస్తకం తెరిచాను. మీటరు మొత్తం దూరాన్ని తొమ్మిది వేల నాలుగు వందల పన్నెండు కిలోమీటర్లని చూపుతోంది. నలభై ఏళ్లపాటు మిల్లీమీటరు తేడా వచ్చినా మళ్లీ కొలిపించినవాడిని. నా పుస్తకంలోని మొత్తం మూడేళ్లుగా, ప్రతి పేజీలోనూ, ఈ రోజు కూడా, మీటరు కంటే పదకొండు మీటర్లు ఎక్కువ ఉంది.