ఉద్యోగ్ అంటే ఉద్యోగం కాదు

మా హిందీ సార్ పోయారు. మా నాన్న, మేము బాపు అంటాం, ఫోన్ చేసినప్పుడు నేను ఆదిలాబాద్‌లో కాలేజీ మెట్ల మీద ఉన్నాను. "సారు పాయె బిడ్డా. పొద్దుగాల చాయ్ తీస్కపోయి లేపితే లేవలేదట" అన్నాడు. కొంచెం ఆగి, "పేపరోళ్ళు వచ్చిండ్రు. గా లీడర్ గూడ వస్తుండట" అన్నాడు. మొదటి మాటకు ఏడుపు వచ్చింది. రెండో మాటకు అది ఆగిపోయింది.

మా ఊరు బోథ్‌కు పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. సార్ ముఖం గుర్తు రాలేదు. ఆ నాయకుడి ముఖమే కళ్ళ ముందు తిరిగింది. పోయినవారిని తలుచుకునేటప్పుడు పగ పక్కన పెట్టాలంటారు. సార్ బతికి ఉంటే ఈ పేరా మొత్తం కొట్టేసి, అంచున "అవసరమా?" అని రాసేవారు. అవసరమే సార్. మీకు జరిగింది చెప్పకుండా మీ మంచితనం ఒక్కటే చెబితే, చదివేవాళ్ళకు సగం మనిషే కనిపిస్తాడు.

సార్ రిటైరైన హిందీ పండితుడు. సాయంత్రాలు తన ఇంటి ముందు రేకుల పందిరి కింద మా వాడ పిల్లలకు ఊరికే హిందీ చెప్పేవారు. వాళ్ళ అమ్మది పెన్‌గంగ అవతలి ఊరు. అందుకని ఇంట్లో మరాఠీ, వాకిట్లో తెలుగు, బజార్లో ఉర్దూ, బడిలో హిందీ. "నాకు ఆకలి గూడ నాలుగు భాషలల్ల అయితది" అనేవారు. ఆయన భార్యను మేమంతా అమ్మమ్మ అని పిలుస్తాం. ఆమె లోపలి నుంచి, "అన్నం మాత్రం ఒక్కటే భాషల ఉన్నది, వచ్చి తినుండ్రి" అనేది.

ప్రతి పంద్రాగస్టుకు సార్ రేడియో పెద్దగా పెట్టి, ఎర్రకోట నుంచి ప్రధాని చేసే ప్రసంగాన్ని వాక్యం వాక్యం తెలుగులో చెప్పేవారు. మేము బడిలో జెండా ఎగరేసి, బిస్కెట్లు తింటూ ఆ పందిరి కిందికి వచ్చేవాళ్ళం. ఆయనకు ఒక అలవాటు ఉండేది. హిందీ వాక్యం అయిపోగానే రెండు కళ్ళూ మూసుకునేవారు. లోపల ఏదో కలిసి కుదుటపడేదాకా ఉండి, కళ్ళు తెరిచి తెలుగు చెప్పేవారు. ఏ ప్రధాని అయినా సరే, ఏ పార్టీ అయినా సరే. ఆయన ఎవరికి ఓటేస్తారో అమ్మమ్మకు కూడా తెలియదు. కానీ నాయకులను చూడడం మాకు ఆయనే నేర్పారు. "లీడర్ మాట్లాడంగ గాదు, ఆగంగ చూడుండ్రి. చప్పట్ల కోసం ఆగుతుండా, మనకు సమజ్ కావాలని ఆగుతుండా? గక్కడ దొరుకుతడు" అనేవారు.

మాటల మీద నాకు పిచ్చి పట్టింది ఆ పందిరి కిందే. ఒకసారి హిందీలో 'అవకాశ్' అంటే సెలవు అని చెబితే నేను ఒప్పుకోలేదు. అవకాశం అంటే అవకాశమే కదా సార్ అన్నాను. ఆయన నవ్వి, "తెలుగు, హిందీ అన్నదమ్ములే. గని వేరువడ్డ అన్నదమ్ములు. ఒక్కతీరు గిన్నెలు పంచుకున్నరు. ఒకలు పప్పు వండిండ్రు, ఒకలు పులుసు వెట్టిండ్రు. గిన్నెను చూసి కూర పేరు చెప్పకు బిడ్డా" అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి ఏ మాట ఎదురైనా మూత తీసి చూడాలనిపిస్తుంది.

ఆ గిన్నె దగ్గరే ఆయనకు అన్యాయం జరిగింది.

నేను ఆరో తరగతిలో ఉండగా ఎన్నికలు వచ్చాయి. ప్రచారానికి ప్రధాని ఆదిలాబాద్ వస్తున్నారని, ఆయన హిందీకి తెలుగు తర్జుమా చేయాలని మా నియోజకవర్గం అభ్యర్థి సార్‌ను అడిగాడు. ఈ అభ్యర్థినే బాపు లీడర్ అన్నది. ఆయనను 'గారు' అనడానికి నా కలం ఒప్పుకోవడం లేదు, క్షమించండి. సార్ సంబరపడ్డారు. పార్టీ కోసం కాదు. ఇన్నేళ్ళు రేడియోలో విన్న ఎర్రకోట గొంతు పక్కన నిలబడి తెలుగు చెప్పడం ఆయనకు పండగ. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకున్నారు. అమ్మమ్మతో పాటు నన్నూ తీసుకుపోయారు. మేము పార్టీ ఆడవాళ్ళ వరుసల్లో, వేదికకు బాగా దగ్గర కూర్చున్నాం.

ప్రధాని మాట్లాడుతున్నారు. సార్ కళ్ళు మూసి, తెరిచి, చెబుతున్నారు. అంతా బాగానే సాగింది. అప్పుడు ప్రధాని ఈ ప్రాంతానికి 'ఉద్యోగ్' తెస్తామని అన్నారు. హిందీలో ఉద్యోగ్ అంటే పరిశ్రమ. మన ఉద్యోగాన్ని వాళ్ళు నౌకరీ అంటారు. సార్‌కు అది నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఆయన కళ్ళు మూసుకున్నారు. ఆ క్షణంలోనే వెనక కుర్చీలోని అభ్యర్థి లేచి, సార్ మైకును తన వైపు వంచుకుని, "ఇంటికొక ఉద్యోగం ఇస్తరు" అన్నాడు.

మైదానం ఊగిపోయింది. సార్ కళ్ళు తెరిచి, మైకు మీదికి వంగి, "పరిశ్రమలు, పరిశ్రమలు" అన్నారు. ఆ మాటలు ఈలల్లో కొట్టుకుపోయాయి. అభ్యర్థి చెయ్యి సార్ భుజం మీద పడింది. దూరానికి అది మెచ్చుకోలులా ఉంటుంది. దగ్గర నుంచి చూసిన నాకు, ఆ వేళ్ళు తెల్ల చొక్కాలోకి దిగడం కనిపించింది. ప్రధానికి తెలుగు రాదు. పరిశ్రమల కోసం జనం ఇంత ఆశగా ఉన్నారనుకుని, సంతోషంగా ఆ వాక్యాన్ని మళ్ళీ చెప్పారు. అభ్యర్థి మళ్ళీ ఉద్యోగం అన్నాడు. దేశాన్ని నడిపే మనిషి కూడా భాష తెలియని చోట నడిమి మనిషి చేతిలోనే ఉంటాడని నాకు ఆ రోజు అర్థమైంది.

వెనక ఉన్న వేలమందికి వేదిక కనబడదు. పెద్ద తెర మీద ప్రధాని ముఖమే ఉంది. వాళ్ళు విన్నది తెలుగు చెప్పే మైకులోంచి వచ్చిన ఒక మాట. ఆ హోరులో గొంతు తేడా ఎవరూ పట్టుకోలేదు. ఆ మైకు సార్‌ది.

మరునాడు సార్ ఆ మనిషి ఇంటికి వెళ్ళి, తప్పు దిద్దమని అడిగారు. "ఒక్క మాటకు గింత పరేషాన్ ఎందుకు సారూ? ఓట్లు వడనీ, అటెన్క సర్దుకుందాం" అన్నాడట. ఓట్లు పడ్డాయి. గెలిచాడు. ఉద్యోగాలు రాలేదు. కుర్రవాళ్ళు ఆ నాయకుడి గేటు ముందు కూర్చుంటే బయటికి వచ్చి, "నేనన్ననా? ప్రధాని అన్నడా? తర్జుమా చేసిన సార్‌ను అడుగుండ్రి. హిందీ పంతులుకు హిందీ రాదని నాకేమెరుక?" అన్నాడు. వాళ్ళు నవ్వారు. నవ్వుకుంటూ మా వాడకు వచ్చారు.

ఆ రోజు నుంచి ఆయన 'ఉద్యోగం సార్' అయ్యారు. బస్టాండులో కుర్రవాళ్ళు, "సారూ, ఆర్డర్ కాయితం వచ్చిందా?" అని అరిచేవారు. సార్ చెయ్యి ఊపి, "ఇంక రాలే బిడ్డా" అనేవారు. పందిరి కింద పిల్లలు తగ్గిపోయారు. హిందీ రాని సార్ దగ్గర హిందీ ఎవరు నేర్చుకుంటారు?

ఆ వెక్కిరింతలు ఆయన ఓర్చుకున్నారు. ఓర్చుకోలేనిది ఒక్కటే, ఎదురింటి పెద్దమ్మ మాట. ఆమె కొడుకు నాకు అన్న వరస. ఆ ఏడు అతనికి దుబాయిలో ఒక దుకాణంలో పని దొరికి, వీసా వచ్చింది. ఉద్యోగం ఇక్కడే వస్తుందని పెద్దమ్మ పోనివ్వలేదు. ఎదురు చూసి చూసి, చివరికి ఎడారిలో గొర్రెలు కాసే వీసా మీద పోయాడు. ఇప్పటికీ రాలేకపోతున్నాడు. పెద్దమ్మ ప్రతి పొద్దున వాకిలి ఊడ్చేటప్పుడు సార్ గడప వైపు చూసి, "నా పోరగాని నోట్లె మన్ను గొట్టినవ్. నీ నోరు వడిపోను" అనేది. సార్ లోపల చాయ్ గ్లాసు కింద పెట్టేసేవారు.

నేను చూశాను, చెబుతాను అంటే నా మాట ఎవరూ పట్టించుకోలేదు. నన్ను సార్ చెంచా అని వెక్కిరించారు. సార్‌ను అడిగాను, మీరెందుకు చెప్పరని.

"మైకు కాడ నిలవడ్డది నేను. అండ్లకెళ్ళి వచ్చిన మాటకు పూచీ నాదే."

"మీరు అనలేదు కద సార్."

"కండ్లు మూసుకున్న గద బిడ్డా."

ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఆయన తనను తాను క్షమించుకోలేదు, అవతలి వాణ్ణి మాత్రం క్షమించారు. ఈ లెక్క నాకు నచ్చలేదు. ఇప్పటికీ నచ్చలేదు.

నేను బస్సు దిగి వచ్చాక, సార్ శవం దగ్గరికి నాయకుడు కెమెరాలతో వచ్చాడు. పార్టీ కండువా సార్ ఛాతీ మీద పరిచి, దండం పెట్టి, ఫొటో అయ్యేదాకా అలాగే ఉన్నాడు. అమ్మమ్మ లేచింది. కండువా తీసి, నాలుగు మడతలు పెట్టి, నాయకుడి చేతికిచ్చింది. "తీస్కో నాయనా. ఆయనకు ఉక్కవోస్తది" అంది.

అయినా ఆయన వదల్లేదు. మళ్ళీ ఎన్నికలు దగ్గర పడ్డాయి కదా. తానే సంతాప సభ పెట్టించాడు. ఫ్లెక్సీలో సార్ బొమ్మ కంటే ఆయన బొమ్మ పెద్దది. వాడంతా వచ్చింది. పెద్దమ్మ కూడా వచ్చి, చివరన, పోవడానికి వీలుగా నిలబడింది. నాయకుడు మైకు తీసుకుని, తనకు ఢిల్లీలో తర్జుమా అక్కర లేదని, ప్రధానితో నేరుగా హిందీలోనే మాట్లాడతానని చెప్పాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "పాపం, సార్ ఒక మాట తప్పిండు. దాంతోని నాకు శానా బద్నామైంది. అయినా నేను సార్‌ను ఎన్నడో మాఫ్ చేసిన" అన్నాడు.

మాఫ్ చేశాడట. పూలదండ వేసిన ఫొటో పక్కన నిలబడి.

అమ్మమ్మ నా వైపు చూసింది. "పో. మెల్లగ మాట్లాడు, సార్ లెక్క" అంది.

నేను మైకు దగ్గరికి పోయి, సార్ గురించి ఒక వాక్యం హిందీలో రాసుకున్నానని, హిందీ బాగా వచ్చిన పెద్దలు దాన్ని తెలుగులో చెబితే సార్ ఆత్మకు శాంతి అని నాయకుడికి నమస్కారం పెట్టాను. ఆయన నవ్వుతూ మైకు పట్టుకున్నాడు. నేను చదివాను: "సార్ నే జీవన్ భర్ పరిశ్రమ్ కియా."

హిందీలో పరిశ్రమ్ అంటే కష్టపడడం. సార్ జీవితమంతా కష్టపడ్డారు, అంతే. నాయకుడు కళ్ళు మూసుకోలేదు. ఒక్క క్షణం కూడా ఆగలేదు.

"సార్ జిందగీ అంత పరిశ్రమ నడిపిండు" అన్నాడు.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత మధ్యలోంచి ఎవరో, "ఏడ నడిపిండన్నా? మాకెన్నడు పొగగొట్టం కనవడలే" అన్నారు. నవ్వు లేచింది. నేను మెల్లగానే చెప్పాను. పరిశ్రమ్ అంటే పరిశ్రమ కాదని. ఉద్యోగ్ అంటే ఉద్యోగం కాదని. ఆ రోజు సార్ కళ్ళు మూసుకున్నప్పుడు మైకు ఎవరు వంచుకున్నారో, ఎవరి చెయ్యి ఎవరి భుజం మీద పడిందో. చెబుతుంటే నవ్వు సన్నగిల్లి, ఆగిపోయింది. సార్ ఉంటే నన్ను కోప్పడేవారు. కోప్పడనివ్వండి. ఆ మనిషి మెడ మీద చెమట దిగుతుంటే నాకు కలిగిన సుఖాన్ని నేను దాచను.

పెద్దమ్మ చివరి నుంచి నడిచి వచ్చింది. జనం దారి ఇచ్చారు. సార్ ఫొటోకు దండం పెడుతుందనుకున్నాను. అటు చూడలేకపోయింది. నేరుగా వేదిక ఎక్కి, నాయకుడి ముందు ఆగి, "గప్పుడు గూడ గిట్లనే చెప్పినవా?" అని అడిగింది.

ఆయన పక్కనున్న వాళ్ళను చూశాడు. ఎవరూ ఆయనను చూడలేదు.

ఆమె కొంగు ముడి విప్పి ఫోన్ తీసింది. వీడియో కాల్ కలిసింది. చిన్న తెరలో తెల్లటి ఎండ, తల మీద గుడ్డ చుట్టుకున్న అన్న. గాలి చప్పుడు మైకులోకి వచ్చింది.

"అవ్వా, ఏమైందే? పాణం మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్న బిడ్డా. గా మాట సార్ అనలేదట. గీయన అన్నడట. ఇగో, మంచిగ చూడు."

ఆమె ఫోన్‌ను తిప్పి, చెయ్యి చాచి, నాయకుడి ముఖానికి ఎదురుగా పట్టుకుంది. అన్న కళ్ళు చిట్లించి తెరకు దగ్గరగా వంగాడు. గొర్రెలు అరుస్తున్నాయి. నాయకుడు ఒక అడుగు పక్కకు వేశాడు. ఆమె చెయ్యి కూడా పక్కకు జరిగింది. ఆయన వేదిక మెట్ల కోసం చూశాడు. ఆ సన్నని, గాజులు లేని చెయ్యి, దించకుండా, ఆయన ముఖాన్నే వెతుక్కుంటూ ఉంది.