శెనక్కాయ నూనె పోసిన సైకిలు

ఈశ్వరి బండి ఒకప్పుడు మామూలు సైకిలే. తమ్ముడు వదిలేసిన ఆ గేర్లు లేని బండికి ఆమే లావు స్పోకులు బిగించింది, క్యారియర్‌కు ఇనుప పట్టీలు వేసింది, ఎత్తు ఎక్కడానికి వెనక చక్రానికి ఎక్కువ పళ్లున్న ఫ్రీవీల్, అంటే చైను పట్టి తిప్పే పళ్ల బిళ్ల, వేసింది. ఏడేళ్లుగా ఊరి పాలు, రెండు క్యాన్లలో నలభై లీటర్లు, ఉరవకొండ రోడ్డు మీది ఆరున్నర వ్యానుకు చేరుస్తోంది. ఆమె ఇల్లు గడిచేది ఆ పనితోనే.

నిన్న సైకిలు పంక్చరై వ్యాను తప్పింది, పాలు విరిగిపోయాయి. పాల సంఘం పెద్ద గోవిందప్ప మొహం మీదే చెప్పేశాడు. "రేపు గూడా తప్పితే ఈ పని చిన్నప్ప మోటర్‌సైకిల్‌కు ఇచ్చేస్తాం. మళ్లా నన్ను అనగాకు."

అంత పనిమంతురాలూ ఒకచోట పప్పులో కాలేసింది. శెనక్కాయ పండే సీమ కదా, బండికీ ఆ నూనే పోసేది. నెలల తరబడి అది దుమ్ముతో కలిసి ఫ్రీవీల్ లోపల జిగురై కూర్చుంది. ఈరోజే, సరిగ్గా గుట్ట మీదికి రాగానే ఫ్రీవీల్ పట్టు వదిలేసింది. ఎంత తొక్కినా పెడళ్లు ఊరికే తిరుగుతున్నాయి, చక్రం కదలదు.

ఆరూ పది. ఇంకా మూడు కిలోమీటర్లు. ఫోను చేద్దామంటే సిగ్నల్ లేదు. పక్క చేని కంచె నుంచి తీగ ఊడబీకి, ఫ్రీవీల్ పళ్లను స్పోకులకు కలిపి బిగించి కట్టేసింది. చక్రం కదిలింది. కానీ ఇక పెడళ్లు ఆగవు, చక్రం తిరిగినంతసేపూ తిరుగుతూనే ఉంటాయి.

దిగుడులో ఆ సంగతి బాగా తెలిసొచ్చింది. నలభై లీటర్ల బరువు వెనక నుంచి తోస్తోంది. పెడళ్లు కాళ్లను గిరగిరా తిప్పేస్తున్నాయి. ఒక కాలు జారి పిక్క చీరుకుపోయింది. పడితే పాలూ పోతాయి, పనీ పోతుంది. పళ్లు బిగించి బ్రేకు నొక్కుతూ వదులుతూ దిగింది.

కింద వ్యాను అప్పుడే కదిలింది. ఈశ్వరి దాన్ని దాటిపోయి, ఎదురుగా బండి అడ్డం పెట్టింది.

"ఏమ్మా, సావాలని వచ్చినావా?" అని డ్రైవరు కుళ్ళాయప్ప అరిచాడు.

"ముందు పాలు దించుకోన్నా. తర్వాత తిడుదువు."

కుళ్ళాయప్ప మూత తీసి చూశాడు. పాలు బాగున్నాయి. ఆమె పిక్క మీది రక్తం చూసి గోవిందప్పకు ఫోను కలిపాడు.

"పాలొచ్చినాయి. ఎవురు తెస్తారు? ఈశ్వరే. చిన్నప్పను రావద్దను."

అంతసేపూ రాని ఏడుపు అప్పుడొచ్చింది ఈశ్వరికి.